మబ్బు పడితే స్విచ్ ఆపాలి

ముందు ఎండ వస్తుంది.

తలుపు సందులోంచి. సన్నగా, కత్తి అంచులా. గచ్చు మీద పాక్కుంటూ, పాక్కుంటూ... సాన చక్రం కాళ్ల దాకా.

ఆ తర్వాత గోడ మీది డబ్బా పలుకుతుంది.

కుయ్.

ఒక్కసారే. పొద్దున్నే ఎవరో గొంతు సవరించుకున్నట్టు.

కింది గదిలో చెల్లెలు దుప్పటి తల మీదికి లాక్కుంటుంది. చెవులు మూసుకున్నా వినిపిస్తుంది ఆ కూత. మూడు నెలలుగా ఆ ప్యానెల్ వైరు పీకెయ్యాలనుకుంటోంది. పీకలేదు. పీకితే అన్నని రెండోసారి...

ఆ వాక్యాన్ని ఆమె ఎప్పుడూ పూర్తి చెయ్యదు.

డాబా మీది ఆ గదికి కరెంటు లేదు. అన్నే రెండు ప్యానెళ్లు పైకెక్కించాడు. ఇన్వర్టర్ డబ్బా గోడకి బిగించాడు. బ్యాటరీ పెట్టలేదు.

"బ్యాటరీ లేని ఇన్వర్టరేంటయ్యా, అడుగులేని చెంబులాగా!" అని నవ్వాడు వీధి చివరి దర్జీ.

"కొళాయికి నోరు పెట్టి తాగేవాడికి చెంబెందుకు?" అన్నాడు అన్న.

ఎండ ఉంటే చక్రం ఉంది. మబ్బు పడితే లేదు. దాచుకోవడాల్లేవు.

ఎండ ప్యానెల్ మీద పడేది. తీగలోంచి దిగేది. చక్రమై తిరిగేది. చివరికి దర్జీల కత్తెరల అంచు మీద నిప్పురవ్వలై రాలేది — సూర్యుణ్ణి పొడి కొట్టి చల్లినట్టు.

చక్రం మాత్రం మహా బరువు. ఊరికే దాని స్విచ్ వేస్తే డబ్బా ఆ గుంజుడికి తట్టుకోలేక ఆగిపోయేది. అందుకని అన్న ఒక ఉపాయం కనిపెట్టాడు. ముందు చేత్తో చక్రాన్ని ఒక్క విసురు విసరాలి. అది తిరుగుతుండగా స్విచ్ వెయ్యాలి. సగం బరువు అన్న చెయ్యి మోసేది. మిగతా సగం ఎండ.

అన్న అటు గోడ దగ్గర, చక్రం పక్కన.

చెల్లెలు ఇటు తలుపు దగ్గర, స్విచ్ పక్కన.

"ఊ" అనేవాడు.

టక్.

ఒక్కటే నియమం. మబ్బు పడితే స్విచ్ ఆపాలి. ఎందుకంటే ఆగిన డబ్బా చచ్చిపోయినట్టు కాదు. ఎండ తిరిగి రాగానే దానంతటదే లేస్తుంది. ఎవర్నీ అడగదు. కుయ్ అంటుంది — అంతే.

అందుకే చక్రం ఆగిన ప్రతిసారీ అన్న అడిగేవాడు.

"ఆపావా?"

"ఆపేశా."

రోజుకి ఇరవైసార్లు. మబ్బులు ముసిరిన రోజుల్లో లెక్కే లేదు. ఆపావా — ఆపేశా. ఆపావా — ఆపేశా. ఇద్దరూ కలిసి ఒకే ఊపిరి తీస్తున్నట్టు.

ఆ రోజూ మబ్బు పడింది. చక్రం ఆగింది.

"అమ్మాయ్, నా కత్తెరేదీ? బేరం అవతల నిలబడుందీ!" మెట్ల కింద దర్జీ కేక.

చెల్లెలు కత్తెర అందుకుని పరిగెత్తింది. వెనక నుంచి అన్న గొంతు.

"ఆపావా?"

"ఆపేశా!"

మూడో మెట్టు మీద. వెనక్కి చూడకుండా.

చెయ్యి స్విచ్‌ని తాకనే లేదు. నోరు మాత్రం చెప్పేసింది.

అన్న నమ్మాడు. చక్రం తుడవడానికి వంగాడు. మెడలో తువ్వాలు. దుమ్ము రాలాలని చేత్తో ఒక్క విసురు విసిరాడు. ఆ విసురే లేకపోతే, అప్పుడే మొహం చూపించిన ఆ పిసరంత ఎండకి చక్రం లేచేది కాదేమో...

కుయ్.

ఆమె చివరి మెట్టు మీద వింది.

చక్రం తువ్వాలుని పట్టుకుంది. మళ్లీ మబ్బు పడేదాకా వదల్లేదు. ఆమె పైకి చేరేసరికి అది ఆగిపోయి ఉంది.

"ఆయనకి మొదట్నుంచీ మతిమరుపే," అంటుంది వదిన, పలకరించడానికి వచ్చిన వాళ్లతో. "కళ్లజోడు పెట్టుకునే కళ్లజోడు వెతుక్కునే మనిషి. స్విచ్ గుర్తుంటుందా ఆయనకి?" నవ్వుతూ మొదలుపెడుతుంది. నవ్వుతూ ముగించలేదు.

చెల్లెలు గోడకానుకుని వింటుంది. తప్పు అన్న నెత్తి మీదికెక్కి కూర్చుంది. దించాల్సిన మనిషి నోరు విప్పలేదు.

బ్యాటరీ లేని ఆ ఇంట్లో దాచిపెట్టింది అదొక్కటే.

ఇవాళ వదిన పైగది తాళం చెవి తీసింది.

"లే. ఎన్నాళ్లిలా? కత్తెరలు గుట్ట పడ్డాయి. ఆ దర్జీ గుడ్డలు పళ్లతో చింపుతున్నాట్ట. నేను చక్రం తిప్పుతా, నువ్వు స్విచ్ చూస్కో."

"చక్రం దగ్గర నేనుంటా వదినా. నువ్వు స్విచ్..."

"నాకా డబ్బా అంటే భయమే. ఆడపడుచంటే లేదు. పద!"

గది నిండా ఇనుప వాసన. అన్న దగ్గు ఏ మూలనో ఇంకా మిగిలి ఉన్నట్టు...

వదిన రెండు చేతులతో విసిరింది.

"ఊ!"

టక్.

చక్రం హోరెత్తింది. వదిన కత్తెర ఆనించింది. రవ్వలు. గచ్చుని తాకకముందే ఆరిపోయే రవ్వలు. వాటి వెలుగులో ఒక వంగిన వీపు — ఉంది, లేదు, ఉంది. వదినది. వదినదేనా?

"చూశావా, నాకూ వచ్చేసింది!" మూడు నెలల్లో మొదటిసారి వదిన చివరిదాకా నవ్వింది.

అప్పుడు మబ్బు పడింది.

హోరు సన్నబడింది. మూలిగింది. ఆగింది.

చెల్లెలి చెయ్యి స్విచ్ మీద పడింది. టక్. ఆపింది. చూసింది. మళ్లీ వేళ్లతో తడిమి చూసింది. ఆపే ఉంది.

వదిన చక్రం మీదికి వంగింది. చెమటకని మెడలో వేసుకున్న తువ్వాలు ముందుకి జారింది. అన్నది కాదు. వేరేది. అయినా...

తల తిప్పకుండానే అడిగింది.

"ఆపావా?"

ఎవరు నేర్పారు ఆమెకి? చివర్లో కాస్త పైకి లేచే ఆ గొంతు ఎవరిచ్చారు?

ఆపేశా. ఇప్పుడా మాట నిజం. చెప్పొచ్చు. నాలిక మీదే ఉంది. కానీ ఆ మాట నమ్మే ఒక మనిషి ఇలాగే, ఇక్కడే, వంగాడు.

"నిన్నేనే. ఆపావా లేదా?" వదిన చెయ్యి గాల్లో ఆగింది.

"నువ్వే వచ్చి చూడు వదినా."

"అదేంటే? నీ కళ్లకేమైంది?"

"నా మాట నమ్మకు. వచ్చి చూడు."

వదిన తల తిప్పింది. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, దింపడం మర్చిపోయినట్టు.

"ఆ రోజు కూడా..." అంది చెల్లెలు. "ఆ రోజు కూడా అన్న అడిగాడు."

బార్లా తెరిచిన తలుపులోంచి కూడా ఎండ సన్నగానే వచ్చింది. కత్తి అంచులా. చెల్లెలి పాదాలు దాటి, గచ్చు మీద పాక్కుంటూ, పాక్కుంటూ... వదిన కాళ్ల దాకా.

కుయ్.

చక్రం కదల్లేదు.

వదిన కూడా.