తాడుకు ఇవతల

ఆర్డిస్ హౌగన్ ముప్పై ఏళ్ళు బడి బస్సు నడిపింది. అన్నేళ్ళలో వెనక సీట్లలో ఒక్క పిల్లవాడూ ఆమె మాట విన్న పాపాన పోలేదు. అందుకే రిటైరయ్యాక, సీల్ అనే సముద్ర జంతువు పిల్లల కాపలాకు చేరి, నీలం కోటు తొడుక్కుని తీరంలో నిలబడినప్పుడు, దారిన పోయేవాళ్ళు ఆగి వింటుంటే ఆమెకు కడుపు నిండిపోయేది.

పని చిన్నదే. తల్లి సీల్ తన పిల్లను ఇసుక మీద వదిలి చేపల వేటకు పోతుంది. కాపలావాళ్ళు పిల్లకు దూరంగా చుట్టూ తాడు కట్టి, వచ్చినవాళ్ళకు రెండు ముక్కలు చెప్పి పంపించెయ్యాలి. జనం గుమిగూడితే తల్లి గట్టెక్కదు. ఎంతమందికి చెప్పిందీ సాయంత్రం కాగితం మీద రాయాలి. ఆ వేసవిలో గ్లెన్ అనే మాజీ పోస్ట్‌మాన్ ఒక్కరోజే యాభై రాశాడు. ఆ యాభై ఆర్డిస్ కంట్లో నలుసయింది.

ఆదివారం ఎముకలు తేలిన పిల్ల ఒకటి ఇసుక మీద పడుకుని ఉంది. ఆర్డిస్ నోటికి ఆనకట్ట లేదు.

"అయ్యో, అప్పుడే వెళ్ళిపోతారేం? దీని మీసాల కథ చెప్పొద్దూ!"

వచ్చినవాళ్ళు కదల్లేదు. కొత్తవాళ్ళు వచ్చి చేరారు. ఇంతలో నీళ్ళలో నల్లటి తల ఒకటి లేచింది. "అదిగో!" అంటూ అందరూ ఫోన్లెత్తారు. తల మునిగిపోయింది. కాసేపటికి మరింత దగ్గరగా లేచింది. అది తల్లేనని ఆర్డిస్‌కు తెలుసు. తెలిసీ, "ఈ ఒక్కటీ విని వెళ్ళండి" అంది. మూడోసారి తల లేవలేదు. సాయంత్రం కాగితం మీద ఎనభై ఒకటి వేసింది.

నోరా, వీపుకు చేటు తేకే అంటారు. ఆమె నోరు తన వీపును వదిలేసి ఇంకో ప్రాణం మీదికి పోయింది. ఆ రెండు రాత్రులూ ఆమెకు కన్ను మూతపడలేదు.

మంగళవారం పొద్దున ఆమె వచ్చేసరికి గ్లెన్ చచ్చిపోయిన పిల్ల మీద పాత దుప్పటి కప్పుతున్నాడు.

"ఎనభై ఒకటటగా! నన్ను చిత్తు చేశావు పో" అన్నాడు, ఆమె ముఖం చూసి తేలిక చేద్దామని. "నీ తప్పేముంది ఆర్డిస్? తల్లే అలాంటిది. కన్నబిడ్డని గాలికొదిలేసి ఏ చేపల వెంట పోయిందో, మహాతల్లి!"

ఊరుకుంటే సరిపోయేది. అడిగేవాళ్ళెవరూ లేరు. కానీ ఆ నింద ఆమె భరించలేకపోయింది.

"దాన్నేం అనకు గ్లెన్. అది వచ్చింది. రెండుసార్లు వచ్చింది. నేను చూశాను."

"చూశావా? మరి జనాన్ని పంపెయ్యలేదా?"

"లేదు. అందరూ నా మాటే వింటున్నారు."