విందుకు ముందు అడిగే ప్రశ్న

ప్రేమ విందుకు పదిహేను రోజుల ముందు క్లోవర్ రన్ సంఘంలో ఇద్దరు పరిచారకులు ఇంటింటికీ వెళ్ళి ఒకే ప్రశ్న అడుగుతారు. "దేవునితోనూ, సంఘంతోనూ, పొరుగువారితోనూ సమాధానంగా ఉన్నారా?" అంటే, ఎవరి మీదా పగ లేకుండా శాంతిగా ఉన్నారా అని. ఉన్నామంటే పుస్తకంలో ఆ ఇంటి పేరు పక్కన టిక్కు పెడతారు. అందరూ ఉన్నామంటేనే విందు. ఆ రోజు ఒకరి కాళ్ళు ఒకరు కడిగి, గొడ్డు మాంసం పులుసులో నానిన రొట్టె తిని, ఆపైన ప్రభువు బల్ల దగ్గర కూర్చుంటారు. మనసులో పగ పెట్టుకుని కాళ్ళు కడగడమంటే దేవుణ్ణి వెక్కిరించడమేనని పెన్సిల్వేనియాలోని ఆ లోయలో తాతల నాటి నమ్మకం.

గేలన్ బ్రంబా పాల ఆవుల రైతు. ఇరవై రెండేళ్ళుగా ఆ ప్రశ్న అడుగుతున్నాడు. ఇరవై రెండేళ్ళుగా అందరూ ఉన్నామనే అన్నారు. అతనికి తోడుగా వచ్చేది ట్రాక్టర్లు బాగుచేసే విల్మర్ డిల్లింగ్. వెళ్ళేది విల్మర్ ట్రక్కులో.

ఆ ఏడు గవర్నరు ఎన్నిక వచ్చింది. పోటీ కోవాచ్‌కీ, ట్రెస్లర్‌కీ. విల్మర్ తన ముంగిట్లో కోవాచ్ బోర్డు పెట్టాడు. గేలన్ ట్రెస్లర్ బోర్డు పెట్టాడు. అంతవరకూ బాగానే ఉంది. జూన్‌లో చర్చి వనభోజనాల నాడు నిమ్మరసం బల్ల దగ్గర అందరూ వింటుండగా గేలన్ అన్నాడు, "ఆ మనిషి బోర్డు ఇంటి ముందు పెట్టుకుని, చర్చిలో ఏ మొహంతో ప్రార్థన చేస్తావు విల్మర్?" విల్మర్ గ్లాసు బల్ల మీద పెట్టి ఇంటికి వెళ్ళిపోయాడు. నలభై ఏళ్ళుగా శనివారం మధ్యాహ్నాలు గేలన్ వంటింట్లో కాఫీ తాగిన మనిషి ఆ తర్వాత గడప తొక్కలేదు. అన్న మాట నిజమే, అన్న చోటే తప్పు అని గేలన్ మనసుకు సర్ది చెప్పుకున్నాడు. మనసు మాత్రం సర్దుకోలేదు. శనివారాలు అతను ఊరికే కొట్టంలో తిరుగుతున్నాడు.

విందు దగ్గరపడి ఇళ్ళు తిరగాల్సి వచ్చేసరికి, ట్రక్కులో రాజకీయాలు మాట్లాడకూడదని ఇద్దరూ మొదటి రోజే ఒప్పందం చేసుకున్నారు. వానల గురించి మొదలుపెడితే వానలెందుకు తగ్గాయన్న దగ్గరికి వచ్చింది, ఆపేశారు. పాల ధర సంగతెత్తితే నేరుగా గవర్నరు దగ్గరికే వచ్చింది. ఆపైన ఇక ఏమీ మాట్లాడుకోలేదు.

రిచీల ఇంటి వరండాకి ఎడమ పక్క ఒకరి బోర్డు, కుడి పక్క ఇంకొకరి బోర్డు ఉన్నాయి. ప్రశ్న అడిగితే భర్త వంటింట్లోంచి, భార్య గరాజులోంచి ఒకేసారి "ఉన్నాం" అన్నారు. గేలన్ టిక్కు పెట్టాడు. డ్వైట్ క్లాపర్ ఫోన్ చేతిలో పట్టుకునే తలుపు తీశాడు. "ఒక్క నిమిషం బ్రదర్, మా తమ్ముడికి కాస్త గడ్డి పెడుతున్నాను." రెండు బొటనవేళ్ళతో టకటకా కొట్టి, పంపించి, ఫోన్ జేబులో వేసుకున్నాడు. "ఆఁ, ఉన్నాను. పరిపూర్ణంగా ఉన్నాను." దానికీ టిక్కు పడింది.

ఆఖరున ట్వైలా స్నోబర్గర్ ఇల్లు. ఆమెకు తొంభై ఒకటి. ఒంటరిగా ఉంటుంది, గుండె బలహీనం. గేలన్ ప్రశ్న అడుగుతూనే టిక్కు పెట్టేశాడు.

"లేను," అందామె.

"ఏమన్నారు సిస్టర్?"

"లేను అన్నాను. చెవుడు నాకా, నీకా?"

పరిచారకులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జూన్ తర్వాత అదే మొదటిసారి.

"ఎవరితో?" అన్నాడు గేలన్.

"ఆ ట్రెస్లర్‌తో."

"ఆయన మీకు పొరుగువాడు కాదు కదా. ఎక్కడో హారిస్‌బర్గ్‌లో ఉంటాడు."

"రోజూ ఆరింటికి టీవీలో నా వంటింట్లోకి వస్తాడు. మా ఆయన కూడా ఏనాడూ అంత ఠంచనుగా రాలేదు. నిన్న గరిటె విసిరాను."

"తగిలిందా?" అన్నాడు విల్మర్ ఆశగా.

"చూపు ఆనదు కదా నాయనా. ఫ్రిజ్‌కి తగిలింది."

గేలన్ గొంతు సవరించుకున్నాడు. ఆమె తిడుతున్నది తన మనిషిని. "సిస్టర్, అది రాజకీయం. మేం అడిగేదానిలోకి రాదు. ఉన్నానని ఒక్క మాట అనండి, చాలు."

"అతను చచ్చిపోతే బాగుండునని అనుకున్నాను గేలన్. రెండుసార్లు. ఒకసారైతే భోజనం ముందు ప్రార్థన చేస్తూ చేస్తూ అనుకున్నాను. అది రాజకీయమా, పాపమా? పరిచారకుడివి, నువ్వే చెప్పు."

గేలన్ పుస్తకంలో తను పెట్టిన టిక్కు వైపు చూశాడు.

"విందుకు రావాలనే ఉంది," అంది ట్వైలా. "వచ్చే ఏటికి ఉంటానో ఉండనో. కానీ అబద్ధమాడి ఆ బల్ల దగ్గర కూర్చోను."

గేలన్ టిక్కును రబ్బరుతో చెరిపాడు. గట్టిగా రుద్దాడేమో, కాగితం చిరిగింది.

ట్రక్కు కదిలాక విల్మర్ అన్నాడు, "ముప్పై ఒక్క ఇళ్ళు తిరిగాం. ఒక్క మనిషి నిజం చెప్పింది."

"అంటే మిగతావాళ్ళంతా అబద్ధాలాడారనా?"

"నేనెవర్నీ ఏమీ అనను బాబూ. ఏ మొహంతో అంటాను?"

ఆ మాట ఎవరిదో ఇద్దరికీ తెలుసు. ఇంటి దగ్గర దిగేదాకా గేలన్ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం సంఘం కూడింది. గేలన్ పుస్తకం పట్టుకుని లేచాడు. ముప్పై ఇళ్ళు సమాధానంగా ఉన్నాయనీ, ఒక సహోదరికి ఒంట్లో బాగాలేదనీ, ఆమె కోసం ప్రార్థించమనీ చెబుదామని రాత్రే అనుకున్నాడు. ఎదురుగా మొదటి వరసలో ట్వైలా కూర్చుని ఉంది. ఆమె పక్కన విల్మర్ తన టోపీ అంచు చూసుకుంటున్నాడు.

"ముప్పై ఒక్క ఇళ్ళకు వెళ్ళాం," అన్నాడు గేలన్. "ముప్పై ఇళ్ళవాళ్ళు ఉన్నామన్నారు. సిస్టర్ ట్వైలా లేనన్నారు."

"వినపడలేదు, గట్టిగా చదువు," అంది ట్వైలా.

"లేనన్నారు!" అని అరిచినంత పని చేశాడు గేలన్. తర్వాత చాలాసేపు పుస్తకంలోకి చూశాడు. "మన సంఘంలో ముప్పై మూడు ఇళ్ళున్నాయి. నా ఇంటికీ, విల్మర్ ఇంటికీ ఎవరూ వెళ్ళలేదు. ఇరవై రెండేళ్ళుగా వెళ్ళలేదు. వెళ్ళి ఉంటే, ఈ ఏడు నా ఇంటికి టిక్కు పడేది కాదు."

 రిచీ భార్య లేచింది. "బ్రదర్ గేలన్, మాది కూడా మార్చండి."

"నువ్వు మారిస్తే నాదీ మారిపోవాలా?" అన్నాడు భర్త కూర్చున్నచోటు నుంచే.

"అయితే నీది వేరే రాయించుకో. గరాజులో పడుకుంటున్నది నేను."

డ్వైట్ క్లాపర్ కూడా లేచి, పొరుగువారిలోకి తమ్ముడు వస్తాడా అని అడిగాడు. వస్తాడంది సంఘాన్ని నడిపే పాస్టరమ్మ. అయితే తనదీ తీసేయమన్నాడు. అరగంటలో టిక్కులు పదకొండుకు దిగాయి. ఆ పదకొండులో నాలుగు ఇళ్ళవాళ్ళు ఆ రోజు చర్చికి రాలేదు.

పాస్టరమ్మ విందును రెండు వారాలు వాయిదా వేసింది. ఈలోగా ఎవరికి ఎవరితో పడదో వాళ్ళ దగ్గరికే వెళ్ళి మాట్లాడుకోమంది. ట్వైలాను మాత్రం ట్రెస్లర్ పేరెత్తి రోజూ ఆరింటికి ప్రార్థన చేయమంది. "పళ్ళు కొరుక్కుంటూ చేయొచ్చా?" అని అడిగింది ట్వైలా. మొదట్లో చేయొచ్చంది పాస్టరమ్మ. పులుసుకు తెచ్చిన మాంసం సంగతేమిటని వెనక నుంచి ఎవరో అడిగారు. ఫ్రీజరులో పెట్టమన్నారు. అంతటితో సభ ముగిసింది.

సోమవారం పొద్దున పాలు పితకడం అయ్యాక గేలన్ వంటింటి తలుపు ఎవరో తట్టారు. భార్య ఫర్న్ తీసింది. విల్మర్ టోపీ చేత్తో పట్టుకుని లోపలికి వచ్చి కూర్చుని, పుస్తకం అడిగి తీసుకుని తెరిచాడు.

"దేవునితోనూ, సంఘంతోనూ, పొరుగువారితోనూ సమాధానంగా ఉన్నారా?" అన్నాడు, ఏమీ ఎరగనట్టు.

"ఫర్న్ ఉంది," అన్నాడు గేలన్.

"ఫర్న్‌ని తర్వాత అడుగుతాను."

"జూన్‌లో నేనన్న మాట ఉందే..."

"ఏ మాట?"

"నీకు తెలుసు."

"నువ్వు చెప్పు."

గేలన్ ఆ మాట మొత్తం చెప్పాడు. తన వంటింట్లో, తన గొంతుతో వింటే అది మరీ అసహ్యంగా ఉంది. ఫర్న్ పొయ్యి వైపు తిరిగింది.

"అందరి ముందూ అనకూడదనే ఇన్నాళ్ళూ అనుకున్నాను," అన్నాడు గేలన్. "చాటుగా కూడా అనకూడదు. నీ ప్రార్థన వినేది దేవుడు, నేను కాదు. క్షమించు విల్మర్."

విల్మర్ పెన్సిల్ అటూ ఇటూ తిప్పాడు. "కోవాచ్‌కే వేస్తాను."

"తెలుసు. నువ్వు పొరపాటు పడుతున్నావనే నేను ఇప్పటికీ అనుకుంటున్నాను."

"నీ గురించి నేనూ అదే అనుకుంటున్నాను."

"సరే."

"సరే." విల్మర్ పెన్సిల్ పక్కన పెట్టాడు. "జూన్ నుంచి రోజూ నీకోసం ప్రార్థన చేస్తున్నాను గేలన్."

"మంచిదే కదా."

"ఏం మంచి? నీకు బుద్ధి రావాలని చేశాను. నా బుద్ధి సంగతి ఒక్కరోజూ అడగలేదు."

ఫర్న్ కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇద్దరూ ముట్టుకోలేదు.

"టిక్కు పెట్టనా?" అన్నాడు విల్మర్.

గేలన్ ఆలోచించాడు. ఇరవై రెండేళ్ళుగా జనాన్ని అడుగుతూనే ఉన్నాడు గాని, ఇది ఇంత సేపు ఆలోచించాల్సిన ప్రశ్న అని అతనికి ఇప్పుడే తెలిసింది.

"పెట్టు," అన్నాడు.

విల్మర్ టిక్కు పెట్టాడు. పుస్తకం, పెన్సిల్ గేలన్ చేతికిచ్చాడు. వెనక్కి జరిగి నిటారుగా కూర్చుని, ఇక తనను అడగమని ఎదురుచూశాడు.