మొదటి పేజీ లేని పుస్తకం

నేను ఒక పుస్తకాన్ని. బట్టల అద్దకం గురించి చెబుతాను. నీలిమందు ఎలా పులియబెట్టాలి, కరక్కాయ రసంలో గుడ్డ ఎంతసేపు నాననివ్వాలి, ఇలాంటివన్నీ నా పొట్టలో ఉన్నాయి. నన్ను రాసింది బందరు దగ్గర ఒక అద్దకం ఇంటి కోడలు. అచ్చయి వచ్చిన రోజు నన్ను ఒళ్ళో పెట్టుకుని, రంగు మరకల వేళ్ళతో తన పేరు తడుముకుంది. ఆ సంబరం నాకింకా గుర్తుంది.

తర్వాత ఒక విశ్వవిద్యాలయం గ్రంథాలయానికి చేరాను. అక్కడ చెదలు నా అట్టనీ, ఆమె పేరున్న మొదటి పేజీనీ, పీఠికలో చాలా భాగాన్నీ తినేశాయి. పీఠిక చివరి పేజీ ఒక్కటే మిగిలింది. దాని కింద ‘వేమవరపు జగన్నాథరావు, ప్లీడరు’ అని ఉంది. ఆ మహానుభావుడు జన్మలో ఒక్క గుడ్డముక్కయినా రంగులో ముంచి ఎరగడు. బైండింగు చేసినవాడు కొత్త అట్ట వేసి చేతులు దులుపుకున్నాడు.

కొన్నాళ్ళకి భాస్కరమూర్తి అనే పరిశోధకుడు వచ్చాడు. హడావుడి మనిషి. పీఠిక కింద పేరు చూశాడు, కర్త జగన్నాథరావు అని తన థీసిస్ చివర ఉపయుక్త గ్రంథాల పట్టికలో ఎక్కించాడు. ఆయన్ని చూసి ఇంకొకరు, ఆ ఇంకొకరిని చూసి మరొకరు. నన్ను తెరిచి చదివిన పాపాన ఎవరూ పోలేదు గానీ, ప్లీడరుగారు మాత్రం అద్దకంలో పెద్ద పండితుడైపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

చివరికి సువార్త అనే పరిశోధక విద్యార్థిని వచ్చింది. భాస్కరమూర్తిగారే ఇప్పుడు ఆమెకు గైడు. థీసిస్ అప్పగించే గడువు నెత్తిమీదికి వచ్చేసింది, ఆయన సంతకం లేనిదే ఆఫీసువాళ్ళు దాన్ని ముట్టుకోరు. పాపం, ఆ పిల్లకు అన్నీ భయాలే. ఫుట్‌నోట్ల అంకెలు ఒకచోట సరిచేస్తే ఇంకోచోట జారిపోతున్నాయి. ఎడమ మార్జిన్ చాలదని ఒకసారి వెనక్కి పంపారు కూడా. పేజీ నంబరు సరిచూసుకుందామని నన్ను తెరిచి, మెల్లగా చదవడంలో పడింది. నీలి తొట్టి అధ్యాయం దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. ‘నేను తొలి కాన్పు పురిటి మంచం దిగిన ఏడాదే మా అత్తగారు నీలి తొట్టి నాకు అప్పగించింది’ అని ఉందక్కడ.

ప్లీడరుగారికి పురుడేమిటి? సువార్తకు నవ్వొచ్చింది, ఆ వెంటనే భయమూ వేసింది. అందరిలాగే జగన్నాథరావు అని రాసి ఊరుకుంటే ఏ గొడవా లేదు. ఆ పేరు కొట్టేస్తే గైడుగారి పరువు తీసినట్టే. ఆయన సంతకం చేయనంటే ఇన్నేళ్ళ చదువూ గంగలో కలిసినట్టే. ఇక ముందుకు చదివే నిమ్మళం ఆమెకు లేకపోయింది. పట్టికలో ఆ ఒక్క వరుసా మార్చుకుని, నన్ను సంచిలో వేసుకుని ఆయన గదికి నడిచింది.

“కర్త తెలియదు అని రాశావేంటమ్మా? అందరూ జగన్నాథరావనే కదా రాస్తారు?” అన్నాడాయన.

“అందరూ మిమ్మల్ని చూసే రాశారు సార్,” అనేసి సువార్త నాలుక కరుచుకుంది. గబగబా నన్ను తెరిచి ఆయన ముందు పెట్టింది. “ఈ పేజీ ఒక్కసారి చూడండి సార్.”

ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. సువార్త ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నిలబడింది.

“నేనీ పుస్తకం చదవనే లేదమ్మా,” అన్నాడు చివరికి, తల ఎత్తకుండానే. “కింద నోటు పెట్టు. ఈ తప్పు ఎక్కడ మొదలైందో చెప్పు. నా థీసిస్ పేరూ, పేజీ నంబరూ వేసి మరీ రాయి. సంతకం ఎక్కడ పెట్టమంటావ్?”

ఆమె వరండాలోకి వచ్చి కూలబడి ఏడ్చేసింది. నాకూ గుండె బరువు దిగింది.

ఇప్పుడు ఆమె థీసిస్ నా పక్క అరలోనే ఉంటుంది. మొన్న ఒక పరిశోధకుడు వచ్చి, అందులోంచి ‘కర్త తెలియదు’ అని చుక్కలూ కామాలతో సహా శుభ్రంగా ఎక్కించుకున్నాడు. నన్ను కూడా తీస్తాడేమోనని ఊపిరి బిగబట్టాను. తీయలేదు. తీసి చదివి ఉంటే, సువార్తతో సహా ఎవరూ చేరని నా చివరి అధ్యాయంలో, నన్ను రాసిన ఆ కోడల్ని అత్తగారు పేరు పెట్టి కేకేయడం వినబడేది: “అంకాలూ, రంగు తిరిగింది, గుడ్డ ముంచవే!”