గట్టు మీద చెయ్యి

ప్రభుత్వం కొత్త పర్యాటక విధానం తెచ్చాక భవానీపురం రేవులో చెక్క పడవలు తిరగకూడదన్నారు. పడవ పోయినవాళ్లకి ఇంటికొక పని ఇస్తామన్నారు. అలా బాలశౌరికి అరవయ్యో ఏట టూరిస్టు లాంచీ మీద తాడు కట్టి విప్పే పని దొరికింది. నీలం చొక్కా ఇచ్చారు. నెల్లాళ్లు చూసి ఖాయం చేస్తామన్నారు.

మొదటిరోజు ఆ చొక్కాలో ఆయన్ని చూసుకోవాలని భార్య అమలమ్మ రేవుకొచ్చింది. చిన్నప్పుడు ఎదుటి లంకలో గడ్డి కోసిన మనిషే. ఇప్పుడా లంకలో కాలు పెట్టాలంటే టికెట్టుండాలి. మెట్ల మీదే నిలబడింది.

లాంచీ కదిలింది. గట్టునున్నవాళ్లు చుట్టాలకి టాటాలు చెబుతున్నారు. కొంతదూరం పోయాక బాలశౌరి వెనక్కి చూశాడు. నీళ్ల మీద ఎండ తళతళలాడి ముఖాలు ఆనలేదు. ఒక చెయ్యి మాత్రం నిటారుగా లేచి ఉంది. గట్టు మీద మనిషి చెయ్యెత్తితే పడవ వెనక్కి రావాల్సిందే. తాతల నాటి కట్టుబాటు. ఏ నొప్పుల మనిషో, ఏ జబ్బు మనిషో.

"జయంతూ, వెనక్కి తిప్పయ్యా. ఒక మనిషి ఉండిపోయింది."

టికెట్టు కొన్నవాళ్లెవరో అనుకుని డ్రైవరు జయంత్ లాంచీ తిప్పాడు. తీరా చూస్తే అమలమ్మ.

"ఏవయ్యా, ఏం మర్చిపోయావు?"

"నువ్వేగా చెయ్యెత్తావు."

"అందరూ టాటా చెబుతుంటే నేనూ చెప్పాను." ఆమె తల దించుకుంది. "అదెట్టా చెప్పాలో తెలీలేదు."

లాంచీలో నవ్వులు లేచాయి. "ఆవిడ మిమ్మల్ని వదల్లేకపోతుందండీ తాతగారూ," అందొకావిడ.

గట్టు మీదున్న లాంచీల మేనేజరు నవ్వలేదు. "ఇది నీ సొంత పడవనుకున్నావా? రేపట్నించి లాంచీ ఎక్కొద్దు. గట్టు మీదే ఉండి లైఫ్ జాకెట్లు ఉతికి ఆరెయ్."

"పనైతే ఉన్నట్టేనాండీ?"

"చూద్దాం."

మర్నాడు మధ్యాహ్నం అమలమ్మ అన్నం తెచ్చింది. జాకెట్లు ఆరేసిన తాడు కింద ఇద్దరూ కూర్చున్నారు.

"నా మూలాన నీళ్లకి దూరమయ్యావు."

"పడవ మీద ఎన్నడన్నా వేడన్నం తిన్నానా? పెట్టు."

లంక వైపు నుంచి లాంచీ హారన్ వినిపించింది. బాలశౌరి తలెత్తబోయి ముద్ద కలుపుకున్నాడు. అమలమ్మ చూసింది. నదికి అడ్డంగా కూర్చున్నదల్లా కాస్త పక్కకి జరిగింది, ఆయనకి నీళ్లు కనపడేలా.