మోతీ రంగు

పొద్దున్నే ఉడికించిన ఉలవలు చల్లార్చి మోతీ ముందు పెట్టేటప్పుడు షబ్నం మొదట చూసేది దాని రంగే. తెల్లగా ఉంటే ఆ పూటకి గండం గడిచినట్టు. మెడ మీదో డొక్కల్లోనో మసి పూసినట్టు నలుపు కనిపిస్తే మాత్రం, ఏ బస్సు హారన్‌కో, ఏ కుక్క అరుపుకో జడిసిందని అర్థం. మోతీ భయపడితే నల్లబడుతుంది. తెనాలిలో వాళ్ళ వీధిలో ఇదేమంత వింత కాదు. పాలు పోసే సాయి సుధ కూడా "ఇవాళ మీ మోతీకి మబ్బేసిందే అక్కా" అని క్యాను ఎత్తుకుని తన దారిన పోయేది.

చిక్కల్లా ఒక్కటే. అది పెళ్ళి గుర్రం. తెల్లగుర్రమని మాట్లాడుకుంటే నల్లగుర్రం వస్తే ఏ మేనత్త ఊరుకుంటుంది?

షబ్నం భర్త రియాజ్ ఈ పిల్లగుర్రాన్ని మొదటిసారి పొన్నూరు పెళ్ళికి తీసుకెళ్ళాడు. టపాకాయల దండ పేలగానే అది నల్లగా మారిపోయి, కళ్ళెం పట్టుకున్న రియాజ్‌ని రోడ్డు పొడుగునా ఈడ్చుకుపోయింది. ఆనాటి నుంచి అతనికి నడుం కింద కదలిక లేదు. కిటికీ పక్కన మంచమే లోకమైపోయింది.

"నెలాగితే లేచి తిరుగుతాను చూడు" అనేవాడు.

"తిరుగుతారండి, ఎందుకు తిరగరు?" అనేది షబ్నం.

ఆ మాట ఇద్దరూ నమ్మడం మానేసి చాలా కాలమైంది. పైకి మాత్రం ఎవరూ అనలేదు. సాయంత్రాలు, నొప్పికి నిద్ర పట్టదని డాక్టరు రాసిన మాత్రనీ గ్లాసుడు నీళ్ళనీ మంచం పక్కన పెట్టి ఆమె గుర్రం పని చూసుకోవడానికి పోయేది. తిరిగొచ్చి "వేసుకున్నారా?" అని అడిగితే "ఎప్పుడో" అనేవాడు.

రేపల్లెలో ఆదివారం పెళ్ళి ఒకటి ఒప్పుకుని ఉన్నారు. "అది కూడా చెడితే సోమవారం బేరగాడొస్తాడు, ఇచ్చేద్దాం" అన్నాడు రియాజ్. నల్లబడే గుర్రాన్ని కొన్నవాడు పెళ్ళికి కడతాడా? బరువుకి కడతాడు. ఇక ఈ ఇంటి సంగతంటారా, మోతీ గడప దాటిన రోజు నుంచి పొయ్యిలో పిల్లి లేవదు.

బ్యాండు మేళం బర్నబాస్ రియాజ్‌కి చిన్ననాటి స్నేహితుడు. రోజూ డోలు పట్టుకుని వచ్చేవాడు. పెళ్ళి గుర్రాలకి భయం పోగొట్టే పద్ధతి ఒకటుంది. దాణా డోలు మీదే పెడతారు. మొదట్లో డోలు ఊరికే పడుంటుంది, గుర్రం దాని మీది ఉలవలు తింటుంది. కొన్నాళ్ళకి అది తింటూ ఉండగా వేలితో మెల్లగా తడతారు. పోనుపోను అరచేత్తో, తర్వాత కర్రతో. చివరికి మోత లేకపోతే గుర్రానికి ముద్ద దిగదు. మోతీకీ అంతే అయింది. బర్నబాస్ కళ్ళెం పట్టి, అతని తమ్ముళ్ళు చెవులు చిల్లులు పడేలా వాయించినా పాలలాగే ఉండేది. షబ్నం కళ్ళెం అందుకోవడమే ఆలస్యం, నల్లబడేది.

"కళ్ళెం నువ్వే పట్టు అన్నా" అని బతిమాలింది.

"నేను కళ్ళెం పడితే డోలు ఎవరు కొడతారు చెల్లెమ్మా? మేళం నాయకుణ్ణి నేనే గదా."

ఆమె దాని చెవుల్లో దూది పెట్టింది. మెడలో తాయెత్తు కట్టింది. ఒకరోజు కళ్ళెం పట్టుకునే దాని ముందు కూర్చుని భోరున ఏడ్చింది. ఏడ్చినకొద్దీ అది ఇంకా నల్లబడింది.

పెళ్ళికి ముందు శుక్రవారం, ఈడ్చుకుపోయినా దెబ్బ తగలదని, బ్యాండు వ్యానులో మోతీని బాపట్ల తీసుకెళ్ళి సూర్యలంక ఇసుకలో దింపారు. బర్నబాస్ డోలు పక్కన పెట్టి మంచినీళ్ళు తాగుతున్నాడు. మోత లేదు, టపాకాయలు లేవు. అలలు కూడా మెత్తగానే వస్తున్నాయి. షబ్నం కళ్ళెం పట్టుకుంది. అప్పుడు చూసింది. నలుపు చెవుల దగ్గర మొదలవలేదు. కళ్ళెం మూతికి తగిలే చోట మొదలై, దవడ మీదుగా మెడకి పాకింది. వదిలేసింది. తెలుపు తిరిగొచ్చింది. మళ్ళీ పట్టుకుంది.

"అన్నా, ఇది దాని భయం కాదు."

"మరెవరిదమ్మా?"

ఆమె తన చెయ్యి చూపించింది.

బర్నబాస్ కాసేపు తల గోక్కుని, "అయితే ధైర్యం తెచ్చుకో" అన్నాడు.

"ఎక్కణ్ణుంచి తేను? నువ్వు తెచ్చిస్తావా?" అని అరిచింది షబ్నం. ఆ అరిచిన ఊపులోనే గుర్రం వైపు తిరిగింది. "నువ్వంటే నాకు భయమే! ఆయన్ని మంచాన పడేశావు. ఇక ఆయన లేవడు. లేవడని నాకు తెలుసు. నిన్ను అమ్మితే నేనేం చేసుకుని బతకాలి?"

ఇన్నాళ్ళూ నోట్లోనే నొక్కుకున్నదంతా ఇసుకలో కక్కేసింది. మోతీ తల వంచి విన్నది. మెడ మీది నలుపు కొంచెం కొంచెంగా దిగిపోయింది.

ఆదివారం రేపల్లెలో ఊరేగింపు పొద్దున్నే బయల్దేరింది. పెళ్ళికొడుకు ఎక్కగానే జీను కింద కాస్త బూడిదరంగు తేలిందిగానీ, పెళ్ళికొడుకులందరికీ ఆ మాత్రం ఉంటుంది. షబ్నం గుర్రం చెవికి నోరానించి, మండపం దాకా తన భయాలన్నీ ఒక్కటి దాచకుండా చెబుతూనే నడిచింది. డోళ్ళ మోతలో ఎవరికీ వినపడలేదు. ఏదో దువా చదువుకుంటోంది కాబోలని జనం అనుకున్నారు. టపాకాయల దండ కాళ్ళ పక్కనే పేలింది. మోతీ చెవి ఆమె వైపే ఉంచి తెల్లగా నడిచింది. మండపం మెట్ల దగ్గరే ఇంకో ఇద్దరు షబ్నం నంబరు అడిగి తీసుకున్నారు.

మధ్యాహ్నానికి తెనాలి చేరారు. ఆమె మోతీని తిన్నగా కిటికీ దగ్గరకి తీసుకొచ్చింది. అది తల లోపలికి పెట్టింది.

"గెలిచావు షబ్నం" అని నవ్వాడు రియాజ్. ఎన్నాళ్ళకో మనసారా నవ్వాడు. "ఇక బేరగాణ్ణి రావద్దంటాను. నేను లేకపోయినా నువ్వు బతకగలవు. నాకిక ఏ దిగులూ లేదు."

అంటూ, పొన్నూరు తర్వాత మొదటిసారి, మోతీ నుదుటి మీద చెయ్యి వేశాడు.

అతని అరచేతి కింద నుంచి నలుపు పుట్టింది. మొహమంతా కమ్మి, మెడ దిగి, వీపు దాటి, తోక చివరి దాకా, గిట్టల దాకా పోయింది. షబ్నం ఇంత నలుపు ఎన్నడూ చూడలేదు. రియాజ్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

ఆమె అతని చెయ్యి తీసెయ్యలేదు. లోపలికొచ్చి మంచం పక్కన కూర్చుంది.

"ఏంటండీ ఇది?"

"ఏముంది, నెలాగితే..." అని ఆగిపోయాడు. మోతీ కదలకుండా నిలబడి ఉంది. "ఆ రోజు పొన్నూరులో కూడా భయం నాదే షబ్నం" అన్నాడు. "కొత్త గుర్రం, ఏమవుతుందోనని కళ్ళెం బిగించి పట్టుకున్నాను. పాపం దాన్ని అన్నాం."

"అది కాదు. ఇప్పటిది చెప్పండి."

రియాజ్ రెండో చెయ్యి దిండు కిందకి పోనిచ్చి ఒక పొట్లం తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. నిద్రమాత్రలు. రోజూ ఆమె ఇచ్చినవి. ఒక్కటీ మింగలేదు.

"రేపల్లె సంగతి తేలాక, అన్నీ ఒక్కసారే మింగుదామనుకున్నాను" అన్నాడు. "నాకు భయమేస్తోంది షబ్నం."

"నాక్కూడా" అంది ఆమె. పొట్లం కొంగులో ముడేసుకుని, తన చెయ్యి కూడా మోతీ నుదుటి మీద అతని చెయ్యి పక్కనే పెట్టింది. ఇద్దరూ ఏడ్చారు. సాయంత్రం ఉలవల వేళ దాటిపోయినా మోతీ తల తీసుకోలేదు. చాలాసేపటికి వాళ్ళ వేళ్ళ మధ్య రూపాయి బిళ్ళంత తెలుపు కనిపించింది.