నాలుగు వేళ్ల పట్టు

రోజూ పొద్దున బొగ్గుబాయికి పోతూ పోతూ రాయమల్లు కాలనీ మైదానం దగ్గర బండి ఆపుతాడు. అక్కడ కూతురు నవీన కబడ్డీ ఆడుతుంటుంది. రెండు కూతలు చూసి, టిఫిన్ డబ్బా సర్దుకుని గనిలోకి దిగుతాడు.

ఆ గని సరిగ్గా మైదానం కిందనే ఉంది. పైన పిల్లలు ఆడుతుంటే కింద తండ్రులు బొగ్గు తవ్వుతారు. అందుకేనేమో, ఆ నేలకో అలవాటుంది. బరిలో ఎవరైనా తొండి చేస్తే కాలు పట్టుకుంటుంది, నిజం ఒప్పుకుంటే వదిలేస్తుంది. కాలనీలో దీన్నెవరూ వింతగా చెప్పుకోరు. పొద్దున్నే నల్లా నీళ్లొస్తాయి, నేల తొండివాళ్లను పడుతుంది, అంతే. ఓసారి అంపైర్‌గా నిలబడ్డ హనుమంతు మేనకోడలికి ఓ పాయింటు ఊరికే ఇచ్చి, భార్య గొడుగు తెచ్చేదాకా ఎండలో కదలకుండా నిలబడ్డాడు. పెద్దమనిషి కదా, ఒప్పుకోవడానికి ఆమాత్రం టైం పట్టింది పాపం.

నవీనది ఎడమ మూల. కూతకొచ్చిన పిల్ల కాలు చాపగానే వంగి చీలమండ దొరకబుచ్చుకోవాలి. జుట్టు గుంజొద్దు, బట్టలు పట్టొద్దు, మోకాలి మీద పడొద్దు. ఆ పట్టు నేర్పింది రాయమల్లే. చిన్నప్పుడు ఆయన ఆ నేలకు దొరకని రోజంటూ లేదు మరి.

"భూమి ఎట్ల పడుతదో గట్ల పట్టాలె బిడ్డా. నొప్పి వెట్టది, ఇడిశిపెట్టది" అనేవాడు.

అంతా వచ్చింది గానీ ఒక్క లోపం మిగిలింది. ఎంత బిగించినా నవీన ఎడమచేతి చిటికెనవేలు మాత్రం చుట్టుకోదు.

"గా వేలు అలిగిన అల్లుని లెక్క దూరంగ ఉంటదేందే!" అని బడిలో ఆడించే శ్యామల టీచర్ రోజూ తిట్టేది.

ఇచ్చోడలో జిల్లా పోటీల ఆఖరి ఆట. గెలిస్తే రాష్ట్ర పోటీలకు పోవచ్చు. వచ్చే ఏటికి నవీనకు వయసు దాటిపోతుంది, ఇదే చివరి అవకాశం. రాయమల్లుకు సెలవు దొరకలేదు.

"ఆడంగ నన్ను యాది చెయ్యకు. కాలు మీద సూపు వెట్టు" అని బస్సెక్కించాడు.

ఇచ్చోడలో మట్టి లేదు. నీలం రంగు మ్యాట్ పరిచారు. మధ్యాహ్నం రెండింటికి ఆఖరి కూత వచ్చేసరికి రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. ఎదుటి పిల్ల మూలదాకా వచ్చి కాలు చాపింది. నవీన వంగి పట్టింది. పిల్ల ఎంత గింజుకున్నా వదల్లేదు. కూత ఆగింది, విజిల్ మోగింది, జట్టంతా వచ్చి నవీన మీద పడింది.

కానీ పట్టకముందే తన మడమ వెనక గీత దాటిందని నవీనకు తెలుసు. గీత దాటితే తనే ఔటు, ఆ పట్టు చెల్లదు. అంపైర్ చూడలేదు. నవీన అలవాటుగా కాళ్లకేసి చూసుకుంది. నేల పట్టుకుంటే ఎంత బాగుండు! ఒప్పుకోక తప్పేది కాదు. మ్యాట్ కదల్లేదు, పట్టుకోలేదు. ఇక్కడ ఆ పని కూడా తనే చేసుకోవాలి. ఏడుపొచ్చింది. చెయ్యెత్తింది.

"సార్, నా కాలు గీత దాటింది. గా పిల్ల ఔట్ కాలే."

ఒక్క పాయింటుతో ఓడిపోయారు. బాపుకు ఎట్లా చెప్పాలా అని నవీన బస్సులో దారంతా అనుకుంటూ వచ్చింది.

టీచర్‌తో ఇల్లు చేరేసరికి వాకిట్లో జనం! నవీన తోసుకుంటూ లోపలికి పరుగెత్తింది. జనం మధ్యలో బాపు బొగ్గు మసితోనే కూర్చుని ఉన్నాడు. అమ్మ ఏడుస్తూనే నవ్వుతోంది.

"గనిల మీ బాపు కాలు వట్టుకుంది భూమి" అన్నాడు ఆయనతో పనిచేసే సాంబయ్య. గనిలో అట్లా ఎన్నడూ జరగలేదు. "ఏం తొండి జేసినవుర అంటే ఒక్కొక్కటే ఒప్పుకుండు. దసరనాడు నా మందు సీసల నీళ్లు కలిపిండట! గది ఇని నవ్వుకుంట నేను గూడ ఆడనే నిలవడ్డ. అన్నీ ఒప్పుకున్నా ఇడువలే. గంతల్నే మేం పోయే తొవ్వల, మా ముంగటనే గని కప్పు కూలింది. గప్పుడు ఇడిశింది."

"ఎప్పుడు బాపూ?"

"రెండు గంటలు గొట్టంగ."

నవీన ఆయన పక్కన కూర్చుంది. "బాపూ, మేం ఓడిపోయినం. కాలు గీత దాటిందని నేనే చెప్పిన."

రాయమల్లు ప్యాంటు పైకి మడిచాడు. నల్లటి చీలమండ చుట్టూ తెల్లగా వేళ్ల గుర్తులున్నాయి. బొటనవేలు, మూడు వేళ్లు. ఐదోది లేదు. నవీన ఎడమచెయ్యి దాని మీద పెట్టింది. అతికినట్టు సరిపోయింది.

"నేను భూమికి మొక్కాల్నా బిడ్డా, నీకు మొక్కాల్నా?" అన్నాడు.

శ్యామల టీచర్ వంగి ఆ గుర్తులను చాలాసేపు చూసి, కళ్లు తుడుచుకుంది.

"ఇగ గా వేలును నేనేమననే" అంది.