బేటరీకి రక్తం తగ్గింది

"ఒలే హేమా, అది పేలిపోయి ఇల్లు తగలడిపోతే మీ అయ్యకి నానేటి సెప్పాలే?"

అప్పటికింకా ఏమీ మొదలవలేదు. జీడితోటకి మందు కొట్టే మెషిన్ బేటరీ అరుగు మీద ఉంది. దానికో చిన్న బల్బు, మధ్యలో అగ్గిపెట్టెంత బోర్డు, బోర్డుకి బుల్లి తెర. అంతే.

"పన్నెండు వోల్టులమ్మా. సీమ కూడా సావదు."

"సీమకేటే, దానికి ఎదిగిన కూతురుందా?"

బేటరీతో బస్సెక్కితే యాసిడ్ ఒలికి బస్సే కాలిపోద్దని నిన్న అడ్డుపడింది హేమ తల్లి పైడితల్లే. అందుకే హేమ బల్బు వెలిగించి, ఒక్కతే టెక్కలి కాలేజీకి బయల్దేరింది.

"పై అంకె వోల్టులు, కింది అంకె కరెంటు. పైది దిగుతా దిగుతా పదిన్నరకొత్తే బోర్డే బల్బు ఆర్పేయాలి. ఆర్పితేనే ప్రాజెక్టు పాసు. సారు వీడియో కాల్లో సూత్తారు. నువ్వు ఫోను పట్టుకో. దేన్నీ ముట్టుకోకు."

పైడితల్లి ముట్టుకోలేదు. ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. పన్నెండు. పదకొండున్నర. పదకొండు. ఆవిడ గుండె జారిపోయింది. పోయినేడు రక్తపరీక్షలో ఆవిడ అంకె కూడా ఇలాగే పన్నెండు నుంచి పదికి దిగితే డాక్టరమ్మ ఎంత గట్టిగా కసిరిందో!

"అయ్యో, రేపు పూతకి మందు కొట్టాల్సింది ఇదే గదా," అనుకుని చార్జరు తెచ్చింది. బేటరీని తాకడానికి భయమేసి, క్లిప్పులు బల్బు తీగలకే తగిలించింది, ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు. పై అంకె లేచింది. ఆవిడకి ప్రాణమూ లేచొచ్చింది.

అప్పుడే ఫోను మోగింది. తెరలో హేమ, వెనకాల రవికుమార్ సారు.

"కరెంటు ముందు మైనస్ ఉందేంటి?" అన్నారు సారు.

"అమ్మా! ఏటి సేసినావు?"

"ఏటీ లేదే. నీరసపడిపోతంటే గ్లూకోజు ఎక్కించినాను."

హేమ తల పట్టుకుంది. "మా పిల్లని ఫెయిల్ సెయ్యకండి బాబూ, తప్పంతా నాదే," అంది పైడితల్లి. సారు మాత్రం తెరని తదేకంగా చూశారు. "బేటరీలోంచి పోతే ప్లస్, బేటరీలోకి వస్తే మైనస్. లెక్క సరిగ్గానే చూపిస్తోంది. ఇప్పుడా చార్జరు తీసెయ్యండమ్మా. బల్బు ఆరాలి."

పైడితల్లి క్లిప్పులు లాగింది. అంకె మళ్ళీ జారింది. పదిన్నర దగ్గర బోర్డు టక్కుమంది. బల్బు ఆరిపోయింది.

అవతల హేమ చప్పట్లు కొట్టింది. ఇవతల పైడితల్లికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

"పోయింది గదా సారూ? మళ్ళీ బతుకుద్దా?"

సారు కళ్ళజోడు తీశారు. తుడిచారు. పెట్టుకున్నారు.

"బతుకుద్దమ్మా. ఇప్పుడెక్కించండి గ్లూకోజు."